మీడ్‌కి మార్కులు వేయడం – 3వ పాఠం: తీపి, పులుపు, వగరు

మీడ్ అంటే తేనెనీళ్లని పులియబెట్టి చేసే మద్యం. పోటీల్లో దానికి మార్కులు ఎలా వేయాలో ఈ పాఠాల్లో నేర్చుకుంటున్నాం. పోయిన పాఠంలో మార్కుల షీటు చూశాం. అమెరికాలో 1985లో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రాం వాళ్లు మీడ్ కోసం వాడే షీటు అది. మొత్తం 50 మార్కులు: వాసనకి 10, రూపానికి 6, రుచికి 24, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. దాదాపు సగం మార్కులు రుచివే కాబట్టి ఈ పాఠమంతా దానికే.

మన ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. అందుకని మన సాధన తేనెనీళ్లతోనే. జడ్జి నాలుకకి ముందుగా పట్టుబడాల్సినవి తీపి, పులుపు, వగరు. ఈ మూడూ తేనెనీళ్లలోనే నేర్చుకోవచ్చు.

50 గ్రాముల తేనెని 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో కలపండి. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) తేనె అయినా సరే, మందస వైపు కొండల నుంచి వచ్చిన తేనె దొరికితే ఇంకా మంచిది. నాలుగు గాజు గ్లాసుల్లో సమానంగా పోయండి. మొదటిదాన్ని అలాగే వదిలేయండి. రెండోదాంట్లో అర చెంచా నిమ్మరసం, మూడోదాంట్లో చెంచాడు చిక్కటి టీ డికాషన్ (పాలు, పంచదార వద్దు), నాలుగోదాంట్లో రెండూ వేయండి. వేసవిలో అయితే డికాషన్ బదులు జీడిపండు రసం పిండుకోండి. ఉద్దానం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, ఒక్క ముక్క కొరికితే చాలు, నాలుక మీద పొర కట్టి గొంతు పట్టేస్తుంది. ఆ పట్టుకి కారణం టానిన్. మీడ్‌లో జడ్జి వెతికే వగరు కూడా అదే.

ఇప్పుడు ఇంట్లో ఒకరిని గ్లాసులు తారుమారు చేసి నంబర్లు వేయమనండి. పోటీలో కూడా జడ్జి ముందుకి సీసా నంబరుతోనే వస్తుంది, ఎవరిదో తెలియదు.

చిన్న గుక్క తీసుకుని, నోరంతా తిప్పి మింగండి. మింగాక పది అంకెలు లెక్కపెట్టేదాకా పెన్ను పట్టుకోవద్దు, అసలు సంగతి అప్పుడే తెలుస్తుంది. ఏమీ కలపని గ్లాసు తాగాక తీపి నాలుకని వదలదు, మంచినీళ్లు తాగాలనిపిస్తుంది. నిమ్మరసం వేసినదాంట్లోనూ తేనె అంతే ఉంది, కానీ తీపి తగ్గినట్టే ఉంటుంది. రెండూ కలిసిన గ్లాసు మింగాక నోట్లో తీపి కన్నా తేనె పువ్వుల వాసనే ఎక్కువసేపు నిలబడుతుంది. ఈ తేడా మీకు మీరుగా పట్టుకునేదాకా నాలుగో పాఠానికి వెళ్లొద్దు. ఒక్కో గ్లాసుకీ మధ్య ఉప్పు లేని మరమరాలు నాలుగు నమిలి, నీళ్లు పుక్కిలించండి.

పోటీకి పంపేవాళ్లు తమ మీడ్ డ్రైయా (తీపి దాదాపు లేనిదా), సెమీ స్వీటా, స్వీటా అని ముందే రాసిస్తారు. స్వీట్ అని రాసినదానికి తీపి ఎక్కువైందని మార్కులు కోయకూడదు. ఆ తీపిని మోయడానికి తగినంత పులుపు, వగరు ఉన్నాయా అన్నదే చూడాలి. బల్ల మీద ముందు డ్రైవి, చివర్లో స్వీట్‌వి రుచి చూస్తారు. తీపి ముందు తాగితే తర్వాతవన్నీ చప్పగా అనిపిస్తాయి.

ఇక రాయడం. ‘బాగుంది, తీపి ఎక్కువ’ అని రాస్తే పంపినవాళ్లకి ఏం ఉపయోగం? నెలల తరబడి ఓపిక పట్టి చేసిన మీడ్ అది. వాళ్ల చేతికి తిరిగి వచ్చేది మీరు రాసిన ఆ కాగితమే. ‘తేనె రుచి మొదట్లో బాగా తెలిసింది, మింగాక తీపి మాత్రమే మిగిలింది, పులుపు కొంచెం పెరిగితే పువ్వుల వాసన చివరిదాకా ఉండేది’ అని రాస్తే వచ్చే ఏడాది వాళ్లు ఏం మార్చాలో తెలుస్తుంది. ముందు మాటలు రాయండి, ఆ తర్వాతే అంకె వేయండి.

ఈ వారం అభ్యాసం ఇద్దరు కూర్చుని చేయాలి. నాలుగు గ్లాసులకీ 24కి ఎన్నో విడివిడిగా వేసుకుని, ఆ తర్వాతే ఒకరి కాగితం ఒకరు చూడండి. పోటీల్లో ఒకే సీసాకి జడ్జిలు వేసిన మొత్తం మార్కుల మధ్య తేడా 7 దాటకుండా చూసుకుంటారు. దాటితే మళ్లీ రుచి చూసి మాట్లాడుకుంటారు. మీ ఇద్దరికీ రుచి మార్కుల్లోనే 4 తేడా వస్తే మళ్లీ మొదటి గుక్క నుంచి రండి. మిగిలిన తేనెనీళ్లు ఆ పూటే పారబోయండి, దాచితే పులుస్తాయి.

వచ్చే పాఠం: కాలిన అగ్గిపుల్ల వాసన, వెనిగర్ వాసన, తడిసిన అట్టముక్క వాసన. ఏ వాసన ఏ లోపానికి గుర్తు?