నెమలినార చెట్టును గుర్తుపట్టడం ఎలా?

మా బావగారు నర్సరీలో ‘నెమలినార’ అని చీటీ పెట్టిన ఇరవై మొక్కలు కొని, పొలం గట్టున వరసగా నాటించారు. నన్ను పిలిచి చూపించేసరికి అవన్నీ మోకాలెత్తు కానుగలు. ఈ పొరపాటు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అందుకే ఇది రాస్తున్నా.

కావలసినవి: కళ్లు, ముక్కు. ఫోన్‌లో ఫొటో తీసి పేరు అడిగే పద్ధతి మాత్రం వద్దు. మనం తీసేది ఎక్కువగా ఆకు ఫొటోనే, ఈ చెట్టు మోసం చేసేది ఆకుతోనే.

ముందు చెట్టు మొత్తాన్ని చూడండి. నెమలినార పెద్ద వృక్షం, బెరడు బూడిదరంగు, చలికాలంలో ఆకు రాలుస్తుంది. తర్వాత ఒక ఆకు నలిపి వాసన చూడండి. ముక్కు ముడుచుకునేంత కంపు కొట్టాలి. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు.

అసలు చిక్కు ఆకు అంచు దగ్గర. ఇక్కడ తొందరపడకండి.

మన చెట్టు ఎల్మ్ కుటుంబానిది. ఎల్మ్ అంటే ఐరోపా లాంటి చల్లటి ప్రాంతాల్లో పెరిగే పెద్ద చెట్టు. సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరం మొక్కలను పరిశీలించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1798లో దీనికి ‘ఉల్మస్ ఇంటెగ్రిఫోలియా’ అని పేరు పెట్టాడు. ఉల్మస్ అంటే లాటిన్‌లో ఎల్మ్. ఇంగ్లిష్ ‘ఎల్మ్’ కూడా ఆ మాటకు చుట్టమే. ఇంటెగ్రిఫోలియా అంటే అంచు కోతలు లేని ఆకు. ఐరోపా ఎల్మ్ ఆకుకు రంపపు పళ్లుంటాయి, మనదానికి ఉండవు. ఆ తేడా పేరులోనే చెప్పాడు. 1848లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ప్లాంషోన్ దీన్ని విడదీసి ‘హోలోప్టెలియా’ అనే వేరే ప్రజాతి చేశాడు. ప్టెలియా అంటే గ్రీకులో మళ్లీ ఎల్మే.

పేరు చదివి నున్నటి అంచు కోసం వెతికితే మాత్రం దెబ్బతింటారు. లేత మొక్కల ఆకులకు, నరికిన మోడు నుంచి లేచిన చిగుళ్లకు తరచుగా పళ్లుంటాయి. అవి చూసి ‘ఇది నెమలినార కాదు’ అని పీకేసినవాళ్లు నాకు తెలుసు. కాబట్టి ముదురు చెట్టు పైకొమ్మ ఆకే కోయండి. నేను మూడు కొమ్మల నుంచి మూడు ఆకులు కోస్తాను. మీరూ అంతే చేయాలి.

ఇక కానుగ. కంపు ఒక్కటే నమ్ముకుంటే ఇక్కడ పడతారు, నలిపితే కానుగ ఆకూ సువాసనేం రాదు. పైగా కానుగ ఒక ఆకులో అయిదో ఏడో చిన్నాకులుంటాయి, అందులో ఒకటి తెంపి ‘ఇదిగో నున్నటి ఆకు’ అంటారు. తొడిమ మొదట్లో, అది కొమ్మకు అతుక్కున్న చోట, చిన్న మొగ్గ కోసం చూడండి. మొగ్గ ఉంటే అది పూర్తి ఆకు. లేకపోతే మీ చేతిలో ఉన్నది ముక్క మాత్రమే, ఇంకా కిందికి వెళ్లి చూడండి. ఈ ఒక్క పరీక్షతో సగం తగాదాలు తీరతాయి.

సంస్కృతం పేర్లు ఈ గందరగోళాన్ని పెంచాయి. కరంజమంటే కానుగ. పూతి అంటే కంపు. కొన్ని గ్రంథాలు మన చెట్టును ‘పూతికరంజం’ అంటే, మరికొన్ని అదే పేరు గచ్చకాయకు ఇస్తాయి. నేనైతే ‘చిరబిల్వ’ అనే మాటే వాడతాను. హిందీలో అదే చిల్బిల్ అయింది. మందుల దుకాణంలో బెరడు కొనేటప్పుడు పేరు చెప్పి ఊరుకోకండి, ఏ చెట్టుదో అడగండి.

చివరిది కాయ. మాఘ, ఫాల్గుణాల్లో ఆకుల్లేని కొమ్మల మీద పచ్చటి గుత్తులు కనిపిస్తాయి, దూరానికి చిగురేమో అనిపిస్తుంది. దగ్గరికెళ్తే రూపాయి బిళ్లంత గుండ్రటి పల్చని రెక్క, మధ్యలో గింజ, కొసన చిన్న నొక్కు. వేగిస, ఎర్రచందనం కాయలూ గుండ్రంగానే ఉంటాయి కానీ అవి పెద్దవి, మందమైనవి, మధ్యలో గట్టి బొడిపె ఉంటుంది. నెమలినార రెక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే వల అల్లినట్టు ఈనెలు కనిపిస్తాయి.

ఎండి రాలే రోజుల్లో గింజలు ఏరుకుంటే వెంటనే చల్లేయండి, వచ్చే ఏడాదికి దాచితే సరిగా మొలవవు. కోతులకు ఆ పప్పంటే మహా ఇష్టం, అవి రాకముందే వెళ్లండి.