కాక్ చేసిన స్థితిలో కొలిచారా? స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ పార్టులు మార్చే ముందు

బారెల్ మడిచి పెల్లెట్ పెడుతుండగా రైఫిల్ దానంతటదే వదిలేసి వేళ్లు నలిగిన ఫొటో ఇంకొకటి ఈ మధ్య చేతులు మారుతోంది. చూసినవాళ్లంతా ట్రిగ్గర్‌ను తిడుతున్నారు. నిజానికి ఇలాంటి వాటిలో ట్రిగ్గర్ తప్పు తక్కువే. అంతకు కొన్నాళ్ల ముందు ఎవరో లోపలి స్ప్రింగో పిస్టనో మార్చి, "సరిగ్గా కూర్చుంది" అనుకుని మూత బిగించి ఉంటారు. కూర్చోవడం వేరు, పని చేయడం వేరు. ఈ రైఫిల్‌లో స్ప్రింగ్ పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, ముందు అణిగిన గాలి పెల్లెట్‌ను తోస్తుంది. పార్టులు రెండు స్థితుల్లో ఉంటాయి. ఒకటి విడిగా ఉన్న స్థితి, రెండోది కాక్ చేసిన స్థితి, అంటే బారెల్ మడిచో లివర్ లాగో స్ప్రింగ్‌ను అణిచి ట్రిగ్గర్ పట్టులో ఉంచిన స్థితి. అందరూ కొలిచేది మొదటిది. వేళ్లు తీసేది రెండోది.

కళ్లద్దాలు పెట్టుకోవడం, గొట్టం మనుషుల వైపు తిప్పకపోవడం లాంటివి ఇక్కడ రాయడం లేదు. అవి కూడా ఎవరో చెప్పాల్సి వస్తే ఆ రైఫిల్ విప్పకపోవడమే మేలు.

కొనే ముందు చూడాల్సినవి

మోడల్ పేరు చూసి పార్టు కొనకండి. పేరు ఒకటే ఉండి లోపల కొలతలు మారిన రైఫిళ్లు చాలా ఉన్నాయి. జర్మన్ కంపెనీ వైరాఖ్ చేసే హెచ్‌డబ్ల్యూ 77 తొలి రోజుల్లో 25 మి.మీ. పిస్టన్‌తో వచ్చింది, తర్వాత 26 మి.మీ.కు మారింది. హెచ్‌డబ్ల్యూ 80 కూడా 26, హెచ్‌డబ్ల్యూ 35 అయితే 30. డయానా 34లో 28. ఎయిర్ ఆర్మ్స్ టీఎక్స్ 200 మూడో తరంలో 25. పిస్టన్ తలకు ఉండే సీల్ కొనే ముందు పాత సీల్‌ను కాదు, పిస్టన్ కదిలే కంప్రెషన్ ట్యూబ్ లోపలి వ్యాసాన్ని కాలిపర్స్‌తో కొలవండి. పాత సీల్ అరిగి ఉంటుంది, అది చెప్పే లెక్క తప్పు లెక్క.

అదే మోడల్ ఒక్కో దేశానికి ఒక్కో బలంతో తయారవుతుంది. జర్మనీలో లైసెన్స్ లేకుండా అమ్మేది 7.5 జౌళ్ల లోపు, ఇంగ్లండ్, వేల్స్‌లో 12 ఫుట్ పౌండ్ల లోపు, అంటే దాదాపు 16 జౌళ్లు. స్ప్రింగ్ సాధారణంగా వేరే ఉంటుంది, కొన్నిటిలో పిస్టన్ కదిలే దూరమూ వేరే ఉంటుంది. ఒకదాని స్ప్రింగ్ ఇంకోదానిలో చక్కగా దూరుతుంది. చిక్కంతా అక్కడే. ఇక బలం పెంచితే మీరున్న చోట చట్టం ఒప్పుకునే హద్దు దాటిపోవచ్చు, ముందే చూసుకోండి.

పిస్టన్‌కూ ట్రిగ్గర్‌కూ జోడీ కుదరాలి. పిస్టన్ కడ్డీ చివరి గాడిలోకి సియర్, అంటే ట్రిగ్గర్ నొక్కేదాకా పిస్టన్‌ను ఆపి ఉంచే కొక్కెం, దిగుతుంది. ట్రిగ్గర్ తరం మారితే ఆ గాడి ఉండే చోటు, లోతు, కోణం మారవచ్చు. డయానా తీసుకుంటే పాత ట్రిగ్గర్లు, టీ05, టీ06 అన్నీ ఆ పేరు మీదే తిరుగుతుంటాయి. పాత పిస్టన్, కొత్త పిస్టన్ పక్కపక్కన పెట్టి తల నుంచి గాడి అంచు వరకు ఉన్న పొడవు కొలవండి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా వేయకండి.

అసలు కొలత

స్ప్రింగ్ అమ్మేవాళ్లు చెప్పేది విడి పొడవు, బయటి వ్యాసం. మీకు కావాల్సింది ఇంకొకటి: స్ప్రింగ్ మొత్తం అణిగిపోయి చుట్టుకు చుట్టు తగిలినప్పుడు దాని పొడవు ఎంత. తీగ మందాన్ని చుట్ల సంఖ్యతో గుణిస్తే అది వచ్చేస్తుంది. చివరి చుట్లు కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇప్పుడు రైఫిల్ లోపల ఆ అణిగిన స్ప్రింగ్‌కు ఎంత చోటు మిగులుతుందో చూడాలి. స్ప్రింగ్ లేకుండానే పిస్టన్‌ను ట్యూబ్‌లో ముందుకంటా నెట్టండి. వెనక నుంచి సన్న కడ్డీ దూర్చి పిస్టన్ తల లోపలి ముఖం వరకు లోతు తీసుకోండి. వెనక మూతా, గైడ్ (స్ప్రింగ్ లోపలికి దూరే కడ్డీ) అంచూ లోపలికి దిగే దూరం అందులోంచి తీసేయండి. తర్వాత స్ప్రింగ్ లేకుండానే మూతా ట్రిగ్గరూ బిగించి, కాకింగ్ గాడిలోంచి (లివర్ కదలడానికి ట్యూబ్‌లో కోసిన చీలిక) పిస్టన్ మీద పెన్సిల్‌తో గీత పెట్టి, మెల్లగా వెనక్కి లాగి సియర్ పట్టేదాకా తీసుకెళ్లండి. గీత కదిలిన దూరమే పిస్టన్ నడక.

ఒక లెక్క చూద్దాం. లోతు 205 మి.మీ., నడక 85 అనుకోండి. కాక్ చేస్తే మిగిలేది 120. పిస్టన్ తలలో పెట్టే టోపీ అంచు 3, గైడ్ వెనక వాషర్ 2, రెండు జారుడు వాషర్లు ఒక్కోటి 1. మొత్తం 7 పోయి 113. సియర్ పట్టడానికి పిస్టన్ గాడిని దాటి ఇంకో 2 మి.మీ. వెనక్కి వెళ్లాలి. చివరికి మిగిలింది 111.

పాత స్ప్రింగ్‌లో 3.0 మి.మీ. తీగ, 34 చుట్లు. అణిగితే 102. తొమ్మిది మిల్లీమీటర్ల ఖాళీ, హాయిగా ఉంది. కొత్తది 3.1 తీగ, 36 చుట్లు. అణిగితే 111.6. రెండింటి విడి పొడవూ 260. బల్ల మీద పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. రెండోది ఈ రైఫిల్‌లో పూర్తిగా కాక్ కాదు, 0.6 మి.మీ. తక్కువ పడుతుంది.

ఆ 0.6 ఏం చేస్తుందంటే, లివర్ లాగుతుంటే చివర్లో గోడకు కొట్టుకున్నట్టు ఆగుతుంది. బలమైన స్ప్రింగ్ కదా, ఇలాగే ఉంటుందిలే అనుకుని ఇంకాస్త బలం వేస్తారు. లివర్ కొద్దిగా వంగుతుంది, వాషర్ నలుగుతుంది, ఆ సందులో సియర్ గాడి అంచును గోటితో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. టక్‌మని శబ్దం కూడా వస్తుంది. ఆ శబ్దాన్ని నమ్మి లివర్ వదిలి, పెల్లెట్ పెట్టడానికి వేలు లోపలికి పెడతారు.

బారెల్ మడిచే రకంలో అయితే బారెల్ ఎగిరి మూసుకుంటుంది, వంగిపోతుంది, మధ్యలో ఉన్నది నలుగుతుంది. కింది లివర్‌తో ట్యూబ్ జారే రకంలో, అంటే హెచ్‌డబ్ల్యూ 77, 97, టీఎక్స్ 200 లాంటి వాటిలో, ట్యూబ్ అంచు కత్తిలా ముందుకు దూసుకొస్తుంది. అందులో వేలు ఉంటే నలగడం కాదు, తెగడమే.

మంచి రైఫిల్ కాక్ చేసినప్పుడు టక్ అన్న తర్వాత కూడా లివర్ ఇంకో పిసరు మెత్తగా వెళుతుంది. టక్ అన్న చోటే రాయిలా ఆగిందంటే స్ప్రింగ్ అణిగిపోయిందని అర్థం. మీ రైఫిల్ విప్పక ముందే చేతికి ఆ మెత్తదనం ఎలా ఉందో గుర్తుపెట్టుకోండి.

అణిగిన పొడవుకూ మిగిలిన చోటుకూ మధ్య కనీసం 5 మి.మీ. ఉండాలి. బలం పెంచాలని ఒక్కో వాషర్ చేర్చుకుంటూ పోయేవాళ్లు ఈ ఐదునే తినేస్తారు. వాషర్ చేర్చిన ప్రతిసారీ లెక్క మొదటి నుంచి వేయాలి. కాక్ చేసిన స్థితికి, విడి స్థితికి కాదు.

అణిగితే లావెక్కుతుంది

స్ప్రింగ్ అణిగే కొద్దీ బయటి వ్యాసం పెరుగుతుంది. పైన చెప్పిన కొలతల స్ప్రింగ్‌లో అది దాదాపు 0.15 మి.మీ. విడిగా ఉన్నప్పుడు పిస్టన్ లోపల సరిగ్గా సరిపోయింది కదా అని సంతోషిస్తే, కాక్ చేసినప్పుడు గోడలకు రాసుకుంటుంది. పిస్టన్ లోపల సన్న తొడుగు వేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. తొడుగు వేశాక స్ప్రింగ్ చుట్టూ మొత్తం వ్యాసంలో 0.3 నుంచి 0.5 మి.మీ. ఖాళీ వదలండి. గైడ్ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. అణిగితే లోపలి వ్యాసమూ పెరుగుతుంది కాబట్టి, విడిగా ఉన్నప్పుడు గైడ్ కొంచెం తిప్పుతూ నెడితేనే దూరేంత బిగుతుగా ఉండాలి. వదులు గైడ్ మీద స్ప్రింగ్ వంకర తిరుగుతుంది, కాల్చిన ప్రతిసారీ తంబురాలా మోగుతుంది.

తీగ మందంలో 0.1 తేడా చిన్నదిగా కనిపిస్తుంది. బిరుసు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 3.0 నుంచి 3.1కి వెళితే, చుట్లు అన్నే ఉంటే, 14 శాతం ఎక్కువ.

స్ప్రింగ్ బదులు గ్యాస్ ర్యామ్ (గ్యాస్ నింపిన గొట్టం) వేస్తే ఈ గొడవ ఉండదనుకుంటారు. ఉంటుంది. ర్యామ్‌కు కూడా అణగగల హద్దు ఉంది. పిస్టన్ నడక ఆ హద్దు కంటే ఎక్కువైతే ర్యామ్ అడుగు తగులుతుంది, మళ్లీ అదే సగం పట్టు. స్ప్రింగ్ కాస్త గరగరలాడి హెచ్చరిస్తుంది, ర్యామ్ ఏమీ చెప్పదు.

విప్పడం

కాక్ చేయకముందే స్ప్రింగ్ మీద ముప్పై కిలోల పైచిలుకు ఒత్తిడి ఉంటుంది. వైరాఖ్ పెద్ద రైఫిళ్లలో వెనక మూత మరల మీద తిరుగుతూ వస్తుంది. మరలు అయిపోయినా స్ప్రింగ్ ఇంకా అణిగే ఉంటుంది, చివరి చుట్టు తిరగగానే మూత దూసుకొస్తుంది. డయానా 34లో మూతను పట్టి ఉంచేవి రెండు అడ్డ పిన్నులు. వాటి మీద భారం పోయేదాకా వెనక నుంచి నొక్కి పట్టి, అప్పుడే తట్టి తీయాలి. రెండిటికీ పొడవైన బార్ క్లాంప్, మధ్యలో గాడి కోసిన చెక్క దిమ్మ కావాలి. పొట్టకు ఆనించి చేత్తో పట్టుకుని విప్పే పద్ధతి గురించి మాట్లాడను.

వైరాఖ్ రైఫిళ్లలో ఉండే రెకార్డ్ ట్రిగ్గర్ పిన్నులు తీసేటప్పుడు సేఫ్టీ బొత్తాం, దాని చిన్న స్ప్రింగ్ పక్కకు ఎగిరిపోతాయి. ముందే వేలు అడ్డం పెట్టుకోండి. సగం రోజు నేల మీద వెతుక్కునే పని తప్పుతుంది.

ఇక మిగిలినవి, వరస లేకుండా

- సీల్‌ను పొడి ట్యూబ్‌లో పెట్టి బొటనవేలితో నెట్టండి. తన బరువుకే జారితే వదులు. సుత్తి కావాల్సి వస్తే బిగుతు. గట్టిగా నెడితే మెల్లగా కదలాలి.
- కాకింగ్ గాడి అంచులను ముందు సన్న ఆకురాయితో రాయండి. కొత్త సీల్ లోపలికి పోతూ ఆ అంచుకే చీరుకుపోతుంది, మీకు కనిపించదు.
- సీల్ ముందు ముఖానికి నూనె, గ్రీజు వద్దు. వేగంగా అణిగిన గాలి వేడికి అది మండుతుంది. పొగ, పెద్ద చప్పుడు, మాడిన సీల్, విరిగిన స్ప్రింగ్. మాలీ పేస్ట్ (మాలిబ్డినం కలిసిన గ్రీజు) సీల్ అంచుకు, పిస్టన్ వెనక భాగానికి వేలితో పల్చగా.
- గాలి దారి రంధ్రంలో చుక్క కూడా వేయకండి.
- సిలికాన్ నూనె లోహానికి లోహం రాసుకునే చోట వద్దు.
- బ్రీచ్ సీల్ (బారెల్ వెనక చివర గాలి కారకుండా ఆపే రింగు) అంచు కంటే పిసరంత పైకి ఉండాలి. సన్న కాగితం ముక్క అక్కడ పెట్టి పెల్లెట్‌తో కాల్చండి. కాగితం ఎగిరితే గాలి కారుతోంది.
- పెల్లెట్ లేకుండా కాల్చవద్దు. ముందు గాలి దిండు ఉండదు, పిస్టన్ నేరుగా ఇనుముకు కొట్టుకుంటుంది.
- బలం కోసం స్ప్రింగ్‌ను సాగదీయవద్దు. పొడవు తగ్గించడానికి చుట్లు కోసి, కోసిన చివరను అలాగే వదిలేయవద్దు.
- సియర్ ముఖాన్ని పాలిష్ చేస్తామని రాయి పట్టవద్దు. పట్టు కోణం పోతే తిరిగి రాదు.
- రెకార్డ్‌లో ట్రిగ్గర్ బరువు మార్చే స్క్రూ తప్ప దేన్నీ ముట్టుకోకండి.
- గ్యాస్ ర్యామ్‌ను రంపంతో, డ్రిల్‌తో, మంటతో తాకకండి. తుక్కులో వేసే ముందు కూడా.
- కింది లివర్ రకంలో కొన్నిటికి వేళ్లను కాపాడే అడ్డు పళ్లు ఉంటాయి. అవి చప్పుడు చేస్తున్నాయని తీసేసే వాళ్లున్నారు. తీయవద్దు. అవి ఉన్నా లివర్ వదలవద్దు.
- పెల్లెట్ పెట్టేంతసేపూ రెండో చేయి బారెల్ మీద, లేదా లివర్ మీద. ప్రతిసారీ. కొత్త స్ప్రింగ్ వేసిన రోజే కాదు.
- మొదటిసారి కాక్ చేసేటప్పుడు టక్ తర్వాత మెత్తదనం ఉందా? లేకపోతే లివర్ చేతిలోంచి వదలకుండా మెల్లగా మూసి, కాక్ వదిలించిన తర్వాతే విప్పి, కొలవండి. ఇంకొంచెం లాగి చూద్దామనుకోకండి.
- మూసిన తర్వాత గట్టి అడ్డు వైపు తిప్పి, రబ్బరు సుత్తితో బట్ మీద నాలుగైదు దెబ్బలు కొట్టండి. పెల్లెట్ లోపల ఉండాలి. పేలితే పట్టు చాలలేదు.
- వాషర్ చేర్చారా? మళ్లీ కొలవండి. టోపీ మార్చారా? మళ్లీ కొలవండి. కాక్ చేసిన స్థితికి.
- యాభై షాట్ల తర్వాత ఒకసారి విప్పండి. పిస్టన్ గాడిలో సియర్ ఆనిన చోట మెరిసే గీత ఉంటుంది. అది గాడి ముఖం మధ్యలో వెడల్పుగా ఉండాలి. అంచును రాసుకుంటూ సన్నగా కనిపిస్తే రైఫిల్‌ను ఇక కాక్ చేయకండి. స్ప్రింగ్ బయటికి తీసి, కాలిపర్స్ తీసుకుని, మొదటి నుంచి.