తుపానుల నెలలో గుండె పంపు రోగి ఉన్న ఇల్లు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాలలో అక్టోబరు వచ్చిందంటే మబ్బు మీద ఒక కన్ను వేసి ఉంచక తప్పదు. 2018లో తిత్లీ తుపాను గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు చాలా పల్లెలకు రోజుల తరబడి కరెంటు లేదు. బలహీనపడిన గుండెకు సాయంగా రక్తాన్ని ఒంట్లోకి తోసే, డాక్టర్లు ఎల్‌వ్యాడ్ అని పిలిచే పంపును గుండెకు అమర్చుకున్న మనిషి ఇంట్లో ఉంటే, ఆ పంపు కరెంటు మీదో బ్యాటరీల మీదో రాత్రీపగలూ నడవవలసిందే.

ఈ పంపుల్లో ఒక రకమైన హార్ట్‌మేట్ 3కు నిండుగా ఛార్జ్ అయిన జత బ్యాటరీలు గరిష్ఠంగా 17 గంటల దాకా వస్తాయి, పాతబడినవి అంత రావు. నడుముకు కట్టుకునే కంట్రోలర్‌లోని (పంపును నడిపించే చిన్న పెట్టె) అత్యవసర బ్యాటరీతో గడిచేది సుమారు 15 నిమిషాలే. అందువల్ల హెచ్చరిక వినగానే బ్యాటరీలన్నిటినీ ఛార్జ్ చేసుకుని, ఇన్వర్టరు గాని జనరేటరు గాని ఈ యంత్రానికి పనికివస్తుందో లేదో పంపు అమర్చిన ఆసుపత్రిని ముందే అడగాలి. బ్యాటరీ మార్చేటప్పుడు ఒక తీగ పూర్తిగా కుదిరాకే రెండోది తీయాలి. రెండూ ఒక్కసారి ఊడదీయకూడదు. మన ఇళ్లలో ప్రతి ప్లగ్గుకూ స్విచ్ ఉంటుంది, చీకట్లో తడుముకుంటూ ఎవరో ఒకరు దాన్ని ఆపేస్తారు. దాని మీద టేపు అంటించండి. చిల్లరపనిలా కనిపిస్తుంది గాని, నా లెక్కలో మొదట చేయవలసింది ఇదే.

కడుపు మీద పంపు తీగ బయటికి వచ్చే చోట వాన తడి, చెమట చేరితే చీము పడుతుంది. కట్టు తడిస్తే ఆలస్యం చేయకుండా, నేర్పిన పద్ధతిలోనే, చేతులు కడుక్కుని మార్చాలి. ఏటి స్నానం, ఈత వద్దు.

వానాకాలపు విరేచనాలను తేలికగా తీసుకోకూడదు, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గితే పంపులోకి వచ్చే రక్తమూ తగ్గి అలారం మోగుతుంది. రోగి రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ అనే మందు వాడుతుంటాడు కనుక జ్వరమొస్తే ఊళ్లోని ఆర్‌ఎంపీతో కండకు సూది వేయించుకోవడం, అడగకుండా నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు మింగడం రక్తస్రావానికి దారితీయవచ్చు.

అంబులెన్స్ వాళ్లకు చూపించడానికి ఒక చీటీ ఒడియాలోనూ తెలుగులోనూ రాయించి రోగి సంచిలో ఉంచండి: "ఈ రోగి గుండెకు ఆగకుండా రక్తం తోసే పంపు ఉంది, అందుకే నాడి దొరకకపోవచ్చు, మామూలు బీపీ మిషను చూపకపోవచ్చు, అంతమాత్రాన ప్రాణం పోయినట్టు కాదు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి పంపు గుయ్‌మనే చప్పుడు వినండి, కంట్రోలర్ దీపాలు, తీగలు చూడండి, కింద ఉన్న, పంపు అమర్చిన ఆసుపత్రి నంబరుకు ఫోన్ చేయండి." ఆ నంబరు పెద్ద అంకెల్లో ఉండాలి, చీటీ ప్లాస్టిక్ కవరులో ఉండాలి.