ఇంట్లోనే హై-ఎండ్ గేమింగ్ పీసీ: అసెంబుల్ చేసుకునే విధానం, అప్‌గ్రేడ్ చేసుకునే పద్ధతి

గేమింగ్ పీసీ తయారుచేసుకోవాలనుకునేవారిలో చాలామంది ముందుగా గ్రాఫిక్స్ కార్డు ఎంచుకొని, దాని ధర పోగా మిగిలిన డబ్బులో తక్కిన భాగాలను సర్దుకుంటారు. ఆటలో కంటికి కనిపించే తేడా అంతా కార్డు వల్లనే వస్తుంది కాబట్టి ఆ మొగ్గు సహజమే. అయితే పీసీలో అన్నిటికంటే ముందు పాతబడేది కూడా ఆ కార్డే. మంచి కేబినెట్, మంచి ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) పదేళ్లయినా పనిచేస్తాయి, సరైన మదర్‌బోర్డు ఒకటికి రెండు తరాల ప్రాసెసర్లను మోస్తుంది, కార్డు మాత్రం మూడు నాలుగేళ్లకు మార్చవలసి వస్తుంది. అందువల్ల ఎక్కువ కాలం నిలిచే భాగాల విషయంలో రాజీపడకుండా కొని, తరచుగా మారే భాగాన్ని చేతిలో ఉన్న డబ్బును బట్టి ఎంచుకోవడమే సరైన క్రమమని నా అభిప్రాయం.

ఉదాహరణకు 1440పీ, 4కే రిజల్యూషన్లలో ఆడటానికి ఉద్దేశించిన ఒక పీసీని తీసుకుందాం. ఏఎమ్‌డీ రైజెన్ 7 9800ఎక్స్3డీ ప్రాసెసర్, ఏఎమ్5 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న బీ850 లేదా ఎక్స్870 మదర్‌బోర్డు, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్, 2 టీబీ ఎన్‌వీఎమ్ఈ ఎస్‌ఎస్‌డీ, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5080 కార్డు ఇందులో ఉంటాయి. 2024 నవంబరులో వచ్చిన ఈ ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లే ఉన్నా, 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) ఉండటం వల్ల ఆటల్లో తనకంటే ఎక్కువ కోర్లున్న ఖరీదైన ప్రాసెసర్లను కూడా ఇది దాటిపోతుంది. వీడియో ఎడిటింగ్ వంటి పనులు కూడా చేసేవారికి పదహారు కోర్లు ఉపయోగపడతాయి గాని, ఆటలకు మాత్రమే వాడేవారు ఆ తేడా సొమ్మును ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టడం మేలు.

ఏఎమ్5 సాకెట్‌ను ఎంచుకోవడానికి కారణం అప్‌గ్రేడ్ అవకాశమే. 2022లో వచ్చిన ఈ సాకెట్‌కు కనీసం 2027 వరకు మద్దతు కొనసాగిస్తామని ఏఎమ్‌డీ ప్రకటించింది. దీనికి ముందున్న ఏఎమ్4 చరిత్ర చూస్తే ఆ మాట విలువ తెలుస్తుంది. 2017లో కొన్న ఏఎమ్4 బోర్డుల్లో చాలావాటికి బయోస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని బిగించుకోగలిగారు. బోర్డు, ర్యామ్ మార్చకుండానే పీసీ మరి కొన్నేళ్లు ముందుకు సాగింది.

ర్యామ్ విషయంలో 16 జీబీ స్టిక్కులు రెండు ఉన్న 6000 వేగపు కిట్, సీఎల్30 టైమింగ్‌తో (ఈ అంకె తక్కువైతే ర్యామ్ త్వరగా స్పందిస్తుంది) తీసుకుంటే ఏఎమ్5కు చక్కగా సరిపోతుంది. నాలుగు స్లాట్లూ నింపితే మెమరీ వేగం తగ్గించవలసి వస్తుంది కాబట్టి, తర్వాత ఇంకో రెండు స్టిక్కులు చేర్చుకోవచ్చనే ఆలోచనతో చిన్న కిట్ కొనడం మంచిది కాదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి గనుక, ఆటలకు 32 జీబీ దాటి వెళ్లవలసిన అవసరం లేదని ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది.

కరెంటు, ఎండ

ఆర్‌టీఎక్స్ 5080 ఒక్కటే 360 వాట్లు తీసుకోగలదు. ప్రాసెసర్ పూర్తి లోడులో 160 వాట్ల వరకు వెళ్తుంది. బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీలు కలుపుకుంటే మొత్తం 600 వాట్ల దరిదాపులకు చేరుతుంది. ఎన్విడియా ఈ కార్డుకు 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ను సూచిస్తుంది. రేపు ఇంతకంటే పెద్ద కార్డు వేయాలనే ఆలోచన ఉంటే ఇప్పుడే 1000 వాట్లది తీసుకోవచ్చు, ఎందుకంటే 575 వాట్ల ఆర్‌టీఎక్స్ 5090కు కంపెనీ సూచించే కనీస సామర్థ్యం అదే. వాట్ల సంఖ్యతో పాటు ఏటీఎక్స్ 3.1 ప్రమాణం (కొత్త కార్డుల పవర్ కనెక్టరుకు తగినది), 80 ప్లస్ గోల్డ్ రేటింగ్ (కరెంటు వృథా తక్కువని చెప్పేది), కనీసం ఏడేళ్ల వారంటీ ఉన్నాయో లేదో చూడాలి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వాట్లు మాత్రమే వేసి అమ్మే చవక ఎస్‌ఎంపీఎస్‌ను ఇంత ఖరీదైన పీసీకి పెట్టకూడదు. అది కాలిపోయేటప్పుడు ఒంటరిగా పోతుందన్న భరోసా లేదు.

గోడలో ఉన్న ప్లగ్ కూడా ఈ లెక్కలో భాగమే. పీసీ పెట్టబోయే గదిలోని సాకెట్‌కు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత మీటరుతో చూపించుకోవాలి. కేబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందని చెప్పేవారి ఇళ్లలో చాలావరకు లోపం పీసీలో ఉండదు, ఎర్తింగ్‌లోనే ఉంటుంది. కరెంటు తరచుగా పోయే చోట యూపీఎస్ తప్పదు. అయితే ఆఫీసుల్లో వాడే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది గనుక ఆట మధ్యలో కరెంటు పోతే అది కూడా వెంటనే చేతులెత్తేస్తుంది. కొనేటప్పుడు వీఏ సంఖ్యను పక్కనపెట్టి వాట్లు ఎన్నో అడగాలి. నేటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా తీసుకునే సర్క్యూట్) ఉంటుంది కాబట్టి, స్క్వేర్ వేవ్ ఇచ్చే పాత ఇన్వర్టర్లతో అవి ఇబ్బంది పడవచ్చు. ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ తీసుకుంటే ఆ బెంగ ఉండదు.

ఇక వేడి సంగతి. ఏ కూలర్ అయినా గదిలోని గాలి కంటే చల్లగా ప్రాసెసర్‌ను ఉంచలేదు. ఇంటర్నెట్‌లో కనిపించే టెస్టు ఫలితాలు చాలావరకు 20-25 డిగ్రీల గదుల్లో తీసినవి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో అవే భాగాలు దాదాపు పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడితో నడుస్తాయి. 9800ఎక్స్3డీ 95 డిగ్రీల వరకు తట్టుకుంటుంది గాని, ఆ హద్దు దాకా వెళ్లనివ్వకుండా ఉండాలంటే ముందు భాగం జాలీగా ఉన్న కేబినెట్ ఎంచుకోవాలి. ముందు అద్దం బిగించిన కేబినెట్లు అందంగా ఉంటాయి, కాని గాలి లోపలికి వచ్చే దారిని మూసివేస్తాయి. ముందు మూడు ఫ్యాన్లు గాలిని లోపలికి లాగేలా, వెనుక ఒకటి, పైన ఒకటి బయటికి తోసేలా అమర్చితే లోపల ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉండి, ఫిల్టరు లేని సందుల గుండా దుమ్ము చేరడం తగ్గుతుంది. ఈ ప్రాసెసర్‌కు రెండు టవర్ల ఎయిర్ కూలర్ చాలు. లిక్విడ్ కూలర్ పెట్టుకోదలచినవారు రేడియేటర్ పైభాగం పంపు కంటే ఎత్తులో ఉండేలా చూసుకోవాలి, లేకపోతే నీటిలోని గాలి బుడగలు పంపులో చేరి శబ్దం చేస్తాయి.

భాగాలను ఆన్‌లైన్‌లో కొన్నా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో కొన్నా, సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోవాలి. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత కార్డు తెప్పించుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. చాలా కంపెనీలు కొన్న దేశంలోనే వారంటీ ఇస్తాయి గనుక, ధరలో మిగిలే డబ్బుతో పాటు ఆ సంగతినీ తూచుకుని నిర్ణయించుకోవాలి.

బిగించడం

కావలసిన పనిముట్టు ఒక్కటే, కొనకు అయస్కాంతం ఉన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్. చేతిలోని స్టాటిక్ విద్యుత్తు పోవడానికి మధ్యమధ్యలో ఎస్‌ఎంపీఎస్ లోహపు భాగాన్ని తాకుతూ ఉంటే సరిపోతుంది. మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీదే ఉంచి పని మొదలుపెట్టాలి.

ఏఎమ్5లో సూదుల్లాంటి పిన్నులు ప్రాసెసర్‌కు కాకుండా సాకెట్‌లో ఉంటాయి. అవి మొత్తం 1718. లివర్ తీసి, పై ఫ్రేము ఎత్తి, ఫోన్ టార్చి వెలుగును ఏటవాలుగా వేసి చూస్తే పిన్నులన్నీ ఒకే తీరుగా మెరవాలి. ఎక్కడైనా మెరుపు తప్పితే ఆ పిన్ను వంగినట్టే, కాబట్టి ముందుకు వెళ్లకుండా బోర్డును వెనక్కి ఇవ్వాలి. ప్రాసెసర్‌ను అంచులతో పట్టుకొని, దాని మూలనున్న చిన్న త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి ఎదురుగా పెట్టి, నొక్కకుండా వదలాలి. ఫ్రేము మూసి లివర్ దించేటప్పుడు భయం కలిగేంత బిగువు ఉంటుంది, అది మామూలే. నల్లటి ప్లాస్టిక్ మూత దానంతట అదే ఊడి వస్తుంది. వారంటీకి పంపవలసి వస్తే ఆ మూత కావాలి గనుక దాచుకోవాలి.

ర్యామ్‌ను ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండవ, నాలుగవ స్లాట్లలో వేయాలి. ఎస్‌ఎస్‌డీని ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న ఎమ్.2 స్లాట్‌లో పెట్టి, హీట్‌సింక్ కిందనున్న ప్యాడ్ మీది పల్చటి ప్లాస్టిక్ పొర తీసివేయాలి. కొన్ని బోర్డుల్లో రెండవ ఎమ్.2 స్లాట్ వాడితే గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే లేన్లు (డేటా దారులు) సగమైపోతాయి, కాబట్టి మాన్యువల్‌లో ఆ పేజీ చదివి తీరాలి. కూలర్ అడుగున కూడా ఇలాంటి పొరే ఉంటుంది. దాన్ని తీసి, ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత థర్మల్ పేస్టు పెట్టి, కూలర్ మరలను ఒకదాని తర్వాత ఎదురు మూలది చొప్పున కొద్దికొద్దిగా బిగించాలి.

కేబినెట్‌లోకి ఎక్కించక ముందే ఒకసారి ఆన్ చేసి చూడటం ఎంతో శ్రమను తప్పిస్తుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి 24 పిన్నుల తీగ, ప్రాసెసర్ కోసం ఉన్న 8 పిన్నుల తీగ తగిలించి, ఈ ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ భాగం ఉంది కాబట్టి మానిటర్‌ను బోర్డు హెచ్‌డీఎమ్ఐకి కలిపి, పవర్ స్విచ్ పిన్నులు రెంటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించాలి. మొదటిసారి డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ సమయమంతా తెర నల్లగానే ఉంటుంది, బోర్డు మీద డీర్యామ్ అని రాసిన చిన్న దీపం వెలుగుతూ ఉంటుంది. ఏదో పాడైందనుకొని ఆ సమయంలో కరెంటు తీసేయకూడదు.

తర్వాత కేబినెట్‌లో స్టాండాఫ్‌లు (బోర్డును ఎత్తి పట్టే చిన్న లోహపు దిమ్మెలు) బోర్డు రంధ్రాలకు ఎదురుగా మాత్రమే ఉన్నాయని చూసుకోవాలి. అదనంగా ఉన్న ఒక్క స్టాండాఫ్ బోర్డు వెనుక తగిలి షార్ట్ కావచ్చు. 8 పిన్నుల తీగ వెళ్లే పై మూల ఇరుకు గనుక దాన్ని అన్నిటికంటే ముందు లాగి ఉంచుకోవాలి. ముందు వైపు యూఎస్‌బీ 3 కనెక్టరు పిన్నులు సులభంగా వంగిపోతాయి కాబట్టి దాన్ని నిటారుగా పెట్టి దించాలి.

చివరన కార్డు. దానికి వచ్చే 16 పిన్నుల పవర్ కనెక్టరు విషయంలో అజాగ్రత్త పనికిరాదు. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొద్ది వారాలకే ఈ కనెక్టర్లు కరిగిపోయిన ఫొటోలు బయటపడ్డాయి, పూర్తిగా లోపలికి నొక్కకపోవడం అందుకు ఒక కారణమని ఎన్విడియా చెప్పింది. తర్వాత వచ్చిన 12వీ-2ఎక్స్6 రూపంలో సెన్స్ పిన్నులను పొట్టిగా చేసి, కనెక్టరు సరిగా దిగకపోతే విద్యుత్తు అందకుండా మార్పు చేశారు. అయినా ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన సొంత తీగనే వాడి, అడాప్టర్లు మాని, కనెక్టరుకు కార్డుకు మధ్య సందు కనిపించనంతగా నొక్కి, మొదటి 35 మిల్లీమీటర్ల దాకా తీగను వంచకుండా ఉంచాలి. బరువైన కార్డు కిందికి వాలకుండా ఆసరా పెట్టాలి. మానిటర్ తీగను ఇప్పుడు బోర్డు నుంచి తీసి కార్డుకు మార్చాలి.

బయోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడం ఏఎమ్5లో లాంఛనం కాదు. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయినప్పుడు, ఎస్ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలరు వంటి భాగాలకు వెళ్లేది) 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేసిన పరిష్కారం బయోస్ అప్‌డేట్ రూపంలోనే వచ్చింది. ఆ తర్వాత బయోస్‌లో ఎక్స్‌పో ప్రొఫైల్ (ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయాలి, లేకపోతే 6000 వేగానికి డబ్బు చెల్లించిన ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంది. విండోస్ వేశాక డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటును మానిటర్ ఇవ్వగల గరిష్ఠానికి మార్చాలి. మెమ్‌టెస్ట్86తో ర్యామ్‌ను పూర్తిగా ఒకసారి, సినీబెంచ్‌తో ప్రాసెసర్‌ను పది నిమిషాలు పరీక్షించి, హెచ్‌డబ్ల్యుఇన్ఫోలో ఉష్ణోగ్రతలు రాసిపెట్టుకుంటే, రెండేళ్ల తర్వాత దుమ్ము పట్టిందో, పేస్టు ఎండిందో పోల్చి తెలుసుకోవచ్చు.

అప్‌గ్రేడ్

ఆట నెమ్మదించిందని అనిపించినప్పుడు ఏ భాగం వెనుకబడిందో ముందు తేల్చుకోవాలి. ఆట నడుస్తుండగా కార్డు వాడకం 95 శాతం పైన ఉంటే కార్డే హద్దు. అది 60-70 శాతం దగ్గర ఆగిపోయి, రిజల్యూషన్‌ను 4కే నుంచి 1080పీకి తగ్గించినా ఫ్రేములు పెరగకపోతే ప్రాసెసర్ అడ్డు పడుతోందని అర్థం. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, అయినా దీన్ని చేయకుండానే కొత్త కార్డు కొనేవారు ఎందరో ఉన్నారు.

కార్డు మార్చేటప్పుడు పాత డ్రైవర్‌ను సేఫ్ మోడ్‌లో డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) అనే సాఫ్ట్‌వేర్‌తో తొలగించాలి. ప్రాసెసర్ మార్చేటప్పుడు పాతది బోర్డు మీద ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. అంతకంటే ముందు బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్కుకు తాళం వేసే ఏర్పాటు) రికవరీ కీని వేరేచోట రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ప్రాసెసర్ గాని బోర్డు గాని మారినప్పుడు టీపీఎమ్ (ఆ తాళాన్ని కాపాడే భద్రతా భాగం) మారి, విండోస్ ఆ కీ అడుగుతుంది. అది లేకపోతే ఎన్‌క్రిప్ట్ అయిన ఎస్‌ఎస్‌డీలోని ఫైళ్లు తిరిగి రావు. ఏఎమ్4 పీసీలో కూలర్‌ను నేరుగా పైకి లాగితే పేస్టుకు అంటుకొని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడివస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు ఆట నడిపి వేడెక్కించి, కరెంటు తీసి, కూలర్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పిన తర్వాతే ఎత్తాలి.

ఎస్‌ఎంపీఎస్ మార్చవలసి వస్తే పాత తీగలన్నిటినీ పూర్తిగా తీసివేయాలి. కేబినెట్ వెనుక అంత ఓపికగా కట్టిన తీగలను అలాగే ఉంచి, కొత్త పెట్టెను వాటికే తగిలించాలని అనిపిస్తుంది. మాడ్యులర్ తీగలు (ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీయగలవి) కార్డు వైపు, బోర్డు వైపు ఒకే ఆకారంలో ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల క్రమం కంపెనీకో రకంగా, కొన్నిసార్లు ఒకే కంపెనీలో మోడల్‌కో రకంగా ఉంటుంది. ప్లగ్ చక్కగా దిగుతుంది, కాని 5 వోల్టులు వెళ్లవలసిన చోటికి 12 వోల్టులు వెళ్లి ఎస్‌ఎస్‌డీలు, హార్డ్ డిస్కులు ఒక్క క్షణంలో కాలిపోతాయి. అందుకే ఎస్‌ఎంపీఎస్ కొన్న రోజే మిగిలిన తీగలను దాని సంచిలోనే వేసి, మోడల్ పేరు రాసిన చీటీ అంటించి, బిల్లుతో పాటు భద్రపరచాలి.