సీఎస్‌వీ ఫైలు పాత, కొత్త ప్రతుల మధ్య తేడాలు పట్టుకోవడం ఎలా?

మియాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్ సంఘం సభ్యుల పట్టికను నెలనెలా సరిచూసే పని కొన్నేళ్లుగా నాదే. అది సీఎస్‌వీ ఫైలు, అంటే గడుల మధ్య కామాలు పెట్టి రాసిన సాదా అక్షరాల పట్టిక. రెండు ఫైళ్లను పక్కపక్కన తెరిచి కంటితో పోల్చేవారిని చూసి చూసి విసిగి ఇది రాస్తున్నాను.

ముందుగా రెండు ప్రతులకూ నకళ్లు తీసి, పైథాన్ భాషలో పట్టికల పని చేసిపెట్టే పాండాస్ లైబ్రరీతో ప్రతి గడినీ అక్షరాలుగానే చదివించాలి. లేకపోతే 007 కాస్తా 7 అవుతుంది. మధ్యలో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయడం నిషిద్ధం. రెండు ఫైళ్ల తేడాలు చూపే 1974 నాటి యూనిక్స్ ఆదేశం డిఫ్ కూడా ఇక్కడ పనికిరాదు: అది పంక్తులను ఉన్న వరుసలోనే పోలుస్తుంది కనుక, ఎవరైనా పట్టికను పేర్ల క్రమంలో అమర్చారంటే, ఒక్క అంకె మారకపోయినా ఫైలు చాలావరకు మారిపోయిందని చెబుతుంది.

పని చెడేది కీ దగ్గర. పాత ఫైలులోని ఏ వరుసకు కొత్త ఫైలులోని ఏ వరుస జతో నిర్ణయించేది అదే. పేరును కీగా పెట్టుకోకూడదు. మా దగ్గర నలుగురు శ్రీనివాస్‌లు ఉన్నారు. ఫ్లాటు నంబరు ఒక్కటీ చాలదు, ఎందుకంటే 204 మంజీర బ్లాకులోనూ ఉంది, గుల్మొహర్ బ్లాకులోనూ ఉంది. అలా జత చేస్తే రెండేసి వరుసలు కలిసి నాలుగవుతాయి. ఒకసారి నేనే ఈ పొరపాటు చేసి, ఒకరి బకాయిని మరొకరి పేర చూపించి, లిఫ్టు దగ్గర నిలబడి సంజాయిషీ చెప్పుకున్నాను. బ్లాకునూ ఫ్లాటునూ కలిపి కీ చేయాలి. ఏ ఫైలులోనైనా ఒకే కీ రెండుసార్లు కనిపిస్తే అక్కడే ఆగి, అది తేలాకే ముందుకు వెళ్లాలి.

కీ సరైనదైనా, తెలుగు అక్షరాలు మరో మోసం చేస్తాయి. ‘గుల్మొహర్’ చివరి పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్‌జాయినర్ అనే, అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తును చేరుస్తాయి. అప్పుడు అదే ఫ్లాటు ఒకచోట తొలగినట్టూ, మరోచోట కొత్తగా చేరినట్టూ వస్తుంది. ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు తీరులను ఒకటిగా చేసే యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చినా అది పోదు. ముందూ వెనుకా ఉన్న ఖాళీలతో పాటు దాన్నీ విడిగా తీసివేయాలి.

మిగిలింది తేలిక. రెండింటిలోని అన్ని వరుసలనూ ఉంచుతూ కీ మీద మెర్జ్ చేస్తే, అంటే కీ ప్రకారం జతపరిస్తే, పాతదానిలోనే ఉన్నవి తొలగినవి, కొత్తదానిలోనే ఉన్నవి చేరినవి. రెండింటా ఉన్నవాటిని గడిగడికీ పోల్చాలి. ఏ కాలమ్‌లో ఎన్ని మారాయో లెక్క తప్పక తీయాలి. 2024 మార్చిలో కొత్త వాహనాలకు టీజీ సిరీస్ వచ్చాక, ఎవరో మా పట్టికలోని టీఎస్‌లన్నిటినీ టీజీలుగా మార్చేశారు. పాత బండ్ల నంబర్లు మారలేదు కాబట్టి, ఆ కాలమ్ మొత్తాన్ని పాత ప్రతి నుంచే తిరిగి తెచ్చుకున్నాను.