మా వీధి ఇళ్ల వీధిగానే మిగిలింది
అనంతపురంలో మా వీధి చివరి స్థలాన్ని నివాస జోన్ నుంచి కమర్షియల్‌కు మార్చాలని దరఖాస్తు పడింది. పేపర్లో వచ్చిన ప్రకటన పక్కింటి అక్క చూపిస్తేనే తెలిసింది. అభ్యంతరాలకు గడువు 15 రోజులే. ఒకటే టెన్షన్.

"మాకు ఇష్టం లేదు" అంటే ఎవరు వింటారు? టేపు పట్టి కొలిచాం, రోడ్డు 20 అడుగులు. లారీ ఆగితే వేసవిలో మాకు దిక్కైన నీళ్ల ట్యాంకర్ లోపలికి రాదు. కొలతలు, ఫొటోలు, సర్వే నంబరుతో ఇంటికొక అభ్యంతరం విడిగా ఇచ్చాం. ప్రతిదానికీ రసీదు ముద్ర వేయించుకోండి, మరవకండి.

తర్వాత సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయలు కట్టి ఫైలు నకలు అడిగాను. 30 రోజుల్లోపు ఇవ్వాలి. అందులో రోడ్డు 40 అడుగులని రాసి ఉంది! ఆ పేజీ జతచేసి మళ్లీ రాశాం. తనిఖీకి వచ్చి, కొలిచి, దరఖాస్తు తిరస్కరించారు.