కే-4 అనుకున్నది జీ-10 అయింది

1945 మేలో జర్మన్లు వదిలేసి వెళ్లిన ఒక మెసర్‌ష్మిట్ 109 యుద్ధవిమానం ఫొటో ముందు పెట్టుకుని, దాని 1/48 సైజు బొమ్మ కిట్ కడుతున్నా. పొడవాటి తోక చక్రం, ఫ్రేములు తక్కువున్న ఎర్లా కానపీ (కాక్‌పిట్ మీది అద్దాల మూత) కనిపించగానే, ఆ విమానం రకాల్లో కే-4 అని ఖాయం చేసేసుకున్నా. సగం రంగు వేశాక అనుమానం పట్టుకుంది.

ఆ రెండు గుర్తులూ అదే విమానంలోని వేరే రకాలు, కొన్ని జీ-14, జీ-10లకూ ఉన్నాయట! పైగా రెక్కలు ఒకచోట, తోక ఇంకోచోట తయారై వచ్చేవి కాబట్టి రంగులు అతుకుల బొంతే. నలుపు తెలుపు ఫొటోలో ముదురాకుపచ్చా, గోధుమా ఒకే బూడిద.

చివరికి తేల్చింది రేడియో మూత, అంటే బాడీలో రేడియో ఉండే అరకు పక్కన ఉండే చిన్న తలుపు. స్కాన్ పెద్దది చేసి, కాక్‌పిట్ నుంచి వెనక్కి బాడీ మీది అతుకు గీతలు వేలితో లెక్కపెట్టా. కే-4లో ఎడమ పక్క మూత ముందుకు, కాస్త పైకి జరుగుతుంది. ఇక్కడ పాత చోటే ఉంది. ముక్కు కింద రెండు పక్కలా చిన్న ఉబ్బులున్నాయి, అంటే ఇంజన్ డీబీ 605డీ. కాబట్టి జీ-10. ఎర్లా ఫ్యాక్టరీది కాదు, వాటికి ఆ ఉబ్బులుండవు.

కిట్‌లోని మూత గీతను పుట్టీతో పూడ్చి, సూదితో వెనక్కి గీశా. కొంచెం వంకర పోయింది. రంగు కింద కనపడదులెండి.